ఆటోమేషన్, మన ఉద్యోగాలు: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు నేను ఊహించి రాసుకున్నవి కావు. మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంటు కింద ఆదివారాలు కలిసే తెలుగువాళ్ళు, పీణ్యలో లేత్ పని చేసే మా జిల్లా మనుషులు, పీజీల్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలు రెండేళ్ళుగా అడుగుతూ వచ్చినవి. నేను పద్దెనిమిదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నవాణ్ణే గాని లాయరును కాను. అందుచేత చట్టం గురించి ఇక్కడ రాసినదాన్ని దారి తెలుసుకోవడానికి వాడుకోండి. మీ కేసు దాకా వస్తే కాగితాలతో సహా తెలిసినవారిని కలవండి.

ఆటోమేషన్ అని ఇక్కడ దేనిని అంటున్నారు?

మనిషి చెయ్యి, చూపు, లెక్క అవసరమైన పనిని యంత్రానికో ప్రోగ్రాముకో అప్పగించడాన్ని. బెంగళూరులో ఇది మూడు చోట్ల మూడు రూపాల్లో కనిపిస్తుంది. పీణ్య, బొమ్మసంద్ర, జిగని షెడ్లలో కంప్యూటరు ప్రోగ్రాముతో నడిచే సీఎన్‌సీ మిషన్లు, రోబో చేతులు. వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో ఇన్‌వాయిస్ చదివి ఎంట్రీ వేసే బాట్లు అనే ప్రోగ్రాములు, కోడ్ రాసే ఏఐ. వీధుల్లో, ఏ ఆర్డరు ఎవరికి ఇవ్వాలో ఎవరి ఐడీ ఆపెయ్యాలో తేల్చే యాప్. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం వల్లనే చాలామందికి లేని భయం పట్టుకుంటోంది, కొందరికి ఉండవలసిన భయం లేకుండా పోతోంది.

నా ఉద్యోగం పోతుందా? ఒకరు సగం ఉద్యోగాలు పోతాయంటారు, ఇంకొకరు ఏమీ కాదంటారు. ఎవరిని నమ్మాలి?

ఆ అంకెలు ఎలా పుట్టాయో చూస్తే తగాదా చాలావరకు తీరుతుంది. 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్‌బర్న్ 702 వృత్తులను పరిశీలించి, అమెరికాలో 47 శాతం ఉద్యోగాలు ఆటోమేషన్ ముప్పు ఎక్కువగా ఉన్నవాటిలో పడతాయని లెక్క కట్టారు. మూడేళ్ళ తరువాత 21 దేశాలను తీసుకుని, ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ సంస్థ ప్రచురించిన అధ్యయనం అదే ముప్పును సగటున 9 శాతంగా తేల్చింది. మొదటివారు వృత్తిని ఒక ముద్దగా చూశారు. రెండోవారు అదే వృత్తిలో ఒక్కొక్క మనిషి రోజంతా ఏయే పనులు చేస్తాడో విడదీసి చూశారు. అంకెల్లో అంత తేడా రావడానికి ముఖ్యమైన కారణం అదే.

మీరూ ఆ రెండో పద్ధతినే పట్టుకోండి. ఒక వారం పాటు మీరు చేసిన ప్రతి పనినీ, దానికి పట్టిన సమయాన్నీ రాసుకోండి. సమాచారం ఎప్పుడూ ఒకే రూపంలో వచ్చి, నియమం ముందే తెలిసి ఉండి, తప్పు జరిగితే వెంటనే బయటపడే పనులు ముందుగా పోతాయి. బిల్లు తేడా వచ్చినప్పుడు ఎవరికి ఫోను చెయ్యాలో, ఎవరిని నొప్పించకుండా అడగాలో తెలియవలసిన పనులు చివరికి గాని పోవు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది, సర్దిచెప్పేవాళ్ళు దీన్ని దాటవేస్తారు. సగం పని పోతే సగం మనిషి పోడు. పదిమంది జట్టులో అయిదుగురు పోతారు. కాబట్టి "నా పనిలో ఎంత శాతం మిగులుతుంది" అనే ప్రశ్న వెంటనే "మిగిలిన పనిని ఎవరికి ఇస్తారు" అని కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్నకు జవాబు యంత్రం దగ్గర ఉండదు, మేనేజరు దగ్గర ఉంటుంది.

బ్యాంకుల్లో కంప్యూటర్లు వచ్చినప్పుడూ ఇలాగే గోల చేశారు. చివరికి ఎవరి ఉద్యోగమూ పోలేదు కదా?

మా ఆదివారం సభలో పెద్దవాళ్ళు ఎప్పుడూ తెచ్చే ఉదాహరణ ఇది. నిజం ఉంది గాని సగమే. మన దేశంలో బ్యాంకు ఉద్యోగుల సంఘాలు కంప్యూటర్లను గట్టిగా ఎదిరించాయి. 1983లో సంఘాలకూ బ్యాంకుల యాజమాన్యాలకూ ఒప్పందం కుదిరిన తరువాతే యంత్రాలు కొద్దికొద్దిగా, హద్దులతో లోపలికి వచ్చాయి. అప్పటి రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు రంగరాజన్ అధ్యక్షతన వేసిన కమిటీలు 1980 దశకంలో రెండుసార్లు ఆ దారిని గీశాయి. సంఘాలకు బలం ఉంది కాబట్టి కౌంటరులో కూర్చున్న గుమాస్తాను ఎవరూ చెయ్యి పట్టి లేపలేదు. 2000-01లో ప్రభుత్వ బ్యాంకులు స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెట్టినప్పుడు సుమారు లక్షమంది డబ్బు తీసుకుని తమంతట తామే వెళ్ళారు.

మరి నష్టం ఎవరికి జరిగింది? అప్పటికింకా ఉద్యోగంలో చేరనివారికి. బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డులను 2001లో ఎత్తివేశారు. గుమాస్తా నియామకాలు చాలా ఏళ్ళు సన్నబడిపోయాయి. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ సంస్థ పెట్టే ఉమ్మడి పరీక్షలు 2011లో గాని మొదలు కాలేదు. ఆ మధ్యలో డిగ్రీ చేతికొచ్చి, గుమాస్తా పోస్టు మీద ఆశతో చదివి చదివి వయసు దాటినవాళ్ళు ఉద్యోగం పోగొట్టుకున్నవారి లెక్కలోకి రారు. లేని ఉద్యోగం ఎలా పోతుంది? మా పెద్దన్నయ్య అనంతపురంలో ఆ పుస్తకాలు పట్టుకుని నాలుగేళ్ళు కూర్చున్నాడు. కాబట్టి "ఎవరికీ ఏమీ కాలేదు" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

అమెరికాలో ఏటీఎంల కథనూ ఇలాగే చెబుతారు. ఆర్థికవేత్త జేమ్స్ బెస్సెన్ చూపినట్టు, 1988 నుంచి 2004 మధ్య అక్కడి నగరాల్లో ఒక్కో బ్యాంకు శాఖకు కావలసిన టెల్లర్లు, అంటే కౌంటరు గుమాస్తాలు, సగటున 20 నుంచి 13కు తగ్గారు. కాని శాఖ నడపడం చవక కావడంతో శాఖలు 40 శాతానికి పైగా పెరిగి, మొత్తం టెల్లర్ల సంఖ్య పడిపోలేదు. అంటే చవక అయిన వస్తువును జనం ఎక్కువగా కొన్నప్పుడే ఉద్యోగాలు నిలుస్తాయి. మీ సంస్థ చేసే పని సగం ధరకు దొరికితే దాన్ని రెట్టింపుగా కొనేవారున్నారా అన్నది మీరే ఆలోచించుకోవలసిన విషయం.

ఇప్పుడు ఫ్రెషర్లకు పిలుపులు రాకపోవడానికి ఆటోమేషనే కారణమా?

ఒక కారణం, అదొక్కటే కాదు. అమెరికా, యూరప్ కస్టమర్లు ఖర్చు తగ్గించుకుంటే మనకు వచ్చే ప్రాజెక్టులూ తగ్గుతాయి. కాని కొత్తగా చేరినవారికి ఇచ్చే పనుల స్వభావాన్ని చూస్తే ఆటోమేషన్ దెబ్బ స్పష్టంగానే కనిపిస్తుంది. చేత్తో చేసే టెస్టింగ్, పాస్‌వర్డ్ రీసెట్ వంటి మొదటి స్థాయి సపోర్టు టికెట్లు, రిపోర్టులు తయారుచేయడం, చిన్న చిన్న బగ్గులు దిద్దడం వంటివి ఒకప్పుడు మనవాళ్ళు పని నేర్చుకునే బడి. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చాక ఈ పనుల్లో చాలా భాగాన్ని అనుభవం ఉన్న ఒక మనిషి, పక్కన ఏఐని పెట్టుకుని చేసేస్తున్నాడు. నిచ్చెనలో కింది మెట్లు తీసేస్తే పై మెట్ల మీద ఉన్నవాడికి ఇవాళ తెలియదు. ఆరేళ్ళ తరువాత సీనియర్లు ఎక్కడి నుంచి వస్తారో కంపెనీలు ఆలోచించడం లేదని నా అభిప్రాయం.

కుర్రవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మారతహళ్ళిలో ఫలానా కోర్సుకు నలభై వేలు కట్టే ముందు, ఆ కోర్సు చేసి గత ఆరు నెలల్లో చేరినవాళ్ళు ముగ్గురి నంబర్లు అడగండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి.

కంపెనీ "ఏఐ వల్ల తీసేస్తున్నాం" అంటోంది. నమ్మాలా?

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసమన్నట్టు ఉంటాయి కొన్ని సమాధానాలు. ఆర్డర్లు తగ్గినా, అవసరానికి మించి మనుషులను తీసుకున్నా, జీతం ఎక్కువైన సీనియర్లు బరువనిపించినా, ఏఐ పేరు చెబితే గౌరవంగా ఉంటుంది. దీనికి ఎదురు ఉదాహరణా ఉంది: 2025 జులైలో టీసీఎస్ సుమారు 12,000 మందిని, అంటే సిబ్బందిలో 2 శాతాన్ని తగ్గిస్తామని ప్రకటించినప్పుడు అందరూ ఏఐ అనుకున్నారు, సంస్థ అధిపతి కృతివాసన్ మాత్రం కారణం ఏఐ కాదని, నైపుణ్యాల పొంతన కుదరక కొందరికి పని చూపలేకపోవడమని అన్నారు. మీకు ఉపయోగపడే ప్రశ్న వేరు. మీరు చేసిన పనిని నిజంగా ఏదైనా ప్రోగ్రాము చేస్తోందా, లేక మిగిలిన నలుగురూ రాత్రి పదింటి దాకా కూర్చుని చేస్తున్నారా? రెండోదైతే దాన్ని ఆటోమేషన్ అనరు.

పీణ్యలో లేత్ మీద పదిహేనేళ్ళుగా పని చేస్తున్నాను. సీఎన్‌సీ వచ్చాక నా చేతిపని ఎందుకూ పనికిరాదా?

ఈ ప్రశ్నకు నిదానంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పోయేదీ మిగిలేదీ విడివిడిగా కనిపిస్తాయి. హెచ్‌ఎంటీ 1953లో బెంగళూరులో మొదలైంది. అటువంటి ప్రభుత్వ కర్మాగారాల చుట్టూ విడిభాగాలు చేసిపెట్టే చిన్న షెడ్లు పుట్టాయి, పీణ్య అలా ఎదిగిన పారిశ్రామిక వాడే. ఆ రోజుల టర్నరు చేతిచక్రం తిప్పుతూ కొలత పట్టేవాడు. సీఎన్‌సీలో ఆ చక్రం తిప్పే పని పోయింది. కొలతలన్నీ ప్రోగ్రాములో ఉంటాయి. జాబ్‌ను, అంటే చెక్కవలసిన ముక్కను పెట్టి, బటన్ నొక్కి, తీసి, గేజ్ పెట్టి చూసే ఆపరేటరు పని కూడా ఇప్పుడు ప్రమాదంలో ఉంది, ఎందుకంటే బార్ ఫీడరో రోబో చెయ్యో ఆ పెట్టడం తీయడం చేస్తే ఒక్క మనిషి మూడు నాలుగు మిషన్లు చూసుకోగలడు. అంతర్జాతీయ రోబోటిక్స్ సమాఖ్య లెక్క ప్రకారం మన దేశంలో 2023లో 8,510 పారిశ్రామిక రోబోలు కొత్తగా పెట్టారు. అంతకుముందు ఏడాది కంటే ఇది 59 శాతం ఎక్కువ.

కాని ఇనుమును కోసే ఇన్సర్ట్ అరుగుతున్నప్పుడు శబ్దం ఎలా మారుతుందో, రాలే చిప్ (లోహపు పొట్టు) రంగు చూసి వేడి ఎంత ఉందో, సన్నటి జాబ్‌ను ఎంత గట్టిగా బిగిస్తే వంగుతుందో మీకు తెలుసు. ప్రోగ్రాము రాసే ఇరవై రెండేళ్ళ కుర్రవాడికి తెలియదు. ఆ తెలివి, మిషనును పనికి సిద్ధం చేసిపెట్టే సెట్టరుకు కావాలి. ఆపరేటరుకూ సెట్టరుకూ మధ్య దూరం నిజానికి పెద్దది కాదు: టూల్ ఆఫ్‌సెట్ (పనిముట్టు కొలత సవరింపు) ఇవ్వడం, మిషను ప్రోగ్రాము భాష అయిన జీ-కోడ్ చదివి అర్థం చేసుకోవడం, జాబ్‌ను పట్టి ఉంచే ఫిక్స్చర్ ఎలా పెట్టాలో ఆలోచించడం. రాజాజీనగరలోని ప్రభుత్వ టూల్ రూమ్ శిక్షణ కేంద్రం, పీణ్యలోని ఎన్‌టీటీఎఫ్ వంటి చోట్ల ఏం నేర్పుతున్నారో, పని చేస్తూ వెళ్ళడానికి వీలున్న కోర్సులేవో స్వయంగా వెళ్ళి కనుక్కోండి. కోర్సు కంటే ముందు, మీ షెడ్‌లో సెట్టరు సెలవు పెట్టిన రోజున "నేను చూస్తాను సార్" అనడం మొదలుపెట్టండి. నాకు తెలిసిన ఇద్దరు అలాగే మారారు.

గార్మెంట్స్‌లో మా ఆవిడ టైలరు. అక్కడా రోబోలు వస్తాయా?

కుట్టు దగ్గర అంత త్వరగా రావు. గుడ్డ మెత్తనిది, జారుతుంది, సాగుతుంది. ఇనుము పట్టినంత సులువుగా యంత్రం దాన్ని పట్టలేదు. అదే ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్ మాత్రం ముందే మారిపోయింది: గుడ్డ మీద ముక్కలు ఎలా అమర్చాలో గీసే మార్కర్ వేయడం కంప్యూటరు, పొరలు కోయడం ఆటోమేటిక్ కట్టరు చేస్తున్నాయి. మీ ఆవిడకు దగ్గరలో ఉన్న ఇబ్బంది రోబో కాదు, గంటకు ఎన్ని పీసులు కుట్టిందో లెక్కవేసి తెరమీద చూపే పరికరం. టార్గెట్ పెంచడానికి దాన్ని వాడుకుంటారు.

యంత్రం తెచ్చే ముందు కంపెనీ మాకు చెప్పాలా?

కార్మికుల తొలగింపుకు దారితీసేలా యంత్రాలనో పనిపద్ధతినో మార్చదలిస్తే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ఉంది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా దాన్ని నిలుపుకుంది. చాలా షెడ్లలో ఇటువంటి నోటీసు ఎవరూ చూడలేదు, ఎందుకంటే అడిగేవారు లేరు. కర్మాగారాల్లో తొలగింపుకు ప్రభుత్వ అనుమతి కావలసిన హద్దు పాత చట్టంలో 100 మంది కార్మికులు. కొత్త కోడ్‌లో 300. పీణ్యలో ఎక్కువ షెడ్లు ఎలాగూ ఈ లెక్కకు కిందే ఉంటాయి, కాబట్టి వాటిలో మిగిలేది నోటీసు, పరిహారం, ఇంకా "చివర చేరినవారు ముందు వెళ్ళాలి" అన్న వరుస. ఆ వరుస తప్పితే కారణాన్ని రాతపూర్వకంగా చూపవలసింది యజమానే. ఫిర్యాదు చేయాలంటే బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనకు వెళ్ళండి, ఆలస్యం చేయకండి.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. ఈ చట్టాలు నాకు వర్తిస్తాయా?

వర్తించవని మీకు ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాటను అంత తేలికగా ఒప్పుకోకండి. విజిటింగ్ కార్డు మీద ఉన్న హోదాను కాదు, మీరు నిజంగా చేసే పనిని చూసి న్యాయస్థానాలు తేలుస్తాయి. మేనేజరు పని, పరిపాలన పని చేసేవారు, 18,000 రూపాయలు దాటిన జీతంతో ఇతరుల పనిని పర్యవేక్షించేవారు పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం కార్మికులు కారు. రోజంతా తనే ప్రోగ్రాములు రాసి, ఎవరి సెలవునూ మంజూరు చేయని మనిషి, "లీడ్" అని పేరున్నా, సాంకేతిక పని చేసే కార్మికుడినని వాదించగలడు. కర్ణాటక ప్రభుత్వం ఐటీ సంస్థలకు, ఉద్యోగ నియమాలను రాతలో పెట్టమనే స్టాండింగ్ ఆర్డర్ల చట్టం నుంచి 2014 నుంచీ మినహాయింపు పొడిగిస్తూ వచ్చిన మాట నిజమే, కాని అది మొత్తం కార్మిక చట్టాల నుంచి మినహాయింపు కాదు. ఇక్కడ 2017లో ఏర్పడిన ఐటీ ఉద్యోగుల సంఘం కేఐటీయూ ఉంది; చేరడం చేరకపోవడం మీ ఇష్టం, వెళ్ళి అడగడానికి ఖర్చు లేదు.

ఆచరణలో మనవాళ్ళు ఓడిపోయేది చట్టం దగ్గర కాదు, హెచ్‌ఆర్ గదిలో. "రాజీనామా ఇస్తే రిలీవింగ్ లెటరు బాగుంటుంది, లేకపోతే టెర్మినేషన్ అని రాయవలసి వస్తుంది" అని అరగంటలో సంతకం అడుగుతారు. రాజీనామా ఇచ్చినవారిని తొలగించినట్టు లెక్క కాదు, తొలగింపు పరిహారమూ రాదు. ఆ గదిలో మీరు అనవలసిన మాట, "ఆలోచించుకుని రేపు మెయిల్‌లో జవాబిస్తాను."

తొలగిస్తే ఎంత రావాలి?

కనీసం ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుడికి ఒక నెల నోటీసు లేదా ఆ నెల జీతం, పూర్తి చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం. దానికి గ్రాట్యుటీ వేరు: అయిదేళ్ళు నిండితే, చివరి బేసిక్, డీఏలను 26తో భాగించి 15తోనూ, సర్వీసు ఏళ్ళతోనూ గుణించాలి. నెలకు 26,000 ఉన్నవారికి ఆరేళ్ళకు 90,000 వస్తుంది. నిర్ణీత కాలానికి నియమించుకున్నవారికి కొత్త కోడ్ ప్రకారం ఏడాదికే గ్రాట్యుటీ హక్కు ఉంది. అయితే గడువు ముగిసి ఇంటికి పంపితే దాన్ని తొలగింపుగా లెక్కించరు. మరో కొత్త విషయం: తొలగించిన ప్రతి కార్మికుడి పేరున 15 రోజుల జీతాన్ని యజమాని, కొత్త పని నేర్చుకోవడానికని పెట్టిన పునర్నైపుణ్య నిధికి కట్టాలి, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాకు చేరాలి. పదిహేను రోజుల జీతంతో ఏ కొత్త విద్య వస్తుందో నాకైతే అర్థం కాలేదు, అయినా మన డబ్బును వదులుకోవడం దేనికి?

ఉద్యోగం పోయింది, పీఎఫ్ మొత్తం తీసేసుకోవచ్చా?

తప్పనిసరైతే పీఎఫ్‌లో కొంత వాడుకోండి, పెన్షన్ భాగాన్ని మాత్రం ముట్టకండి. నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్ళ సర్వీసు ఉండాలి. ఏడేళ్ళకు తీసేసుకున్నవారు తిరిగి సున్నా నుంచి లెక్క మొదలుపెట్టాలి.

డెలివరీ చేస్తున్నాను. యాప్ కారణం చెప్పకుండా ఐడీ ఆపేసింది. ఎవరిని అడగాలి?

మనిషికి బదులు ప్రోగ్రామే పైఅధికారి కావడం ఆటోమేషన్ మూడో రూపమని మొదట్లోనే అన్నాను. కర్ణాటక 2025లో ప్లాట్‌ఫాం ఆధారిత గిగ్ కార్మికుల (మీలా యాప్‌ల ద్వారా పని చేసేవారి) చట్టం చేసింది. ఆర్డర్లు, రేటింగ్, సంపాదన వంటివాటిపై యాప్ తనంతట తాను నిర్ణయించే పద్ధతి గురించి కార్మికుడికి తెలియజేయాలని, సాధారణంగా 14 రోజుల ముందు నోటీసూ కారణమూ లేకుండా తొలగించరాదని అందులో ఉంది. సంక్షేమ నిధి కోసం ఒక్కో లావాదేవీలో కార్మికుడికిచ్చే మొత్తంపై 1 నుంచి 5 శాతం రుసుమును సంస్థల నుంచి వసూలు చేస్తారు. మొదట ఆ చట్టం కింద మీ పేరు నమోదైందో లేదో చూసుకోండి, యాప్‌లో వచ్చిన ప్రతి సందేశాన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

నలభై దాటాను. ఇప్పుడు ఏం నేర్చుకోవాలి?

దూరపు కొండలు ఎక్కవద్దు. పైథాన్, డేటా సైన్స్ అని ఇరవై ఏళ్ళవాళ్ళతో పోటీకి దిగడం కంటే మీ పనికి పక్కనే ఉన్న పనిని పట్టుకోవడం మేలు. అకౌంట్స్ మనిషికి బాట్ చేసిన ఎంట్రీల్లో తప్పులు పట్టడం, టెస్టరుకు ఏం పరీక్షించాలో తేల్చడం, సపోర్టు మనిషికి కస్టమరు అసలు బాధ ఏమిటో రాబట్టడం అటువంటివి. ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు కాబట్టి ఉద్యోగం ఉన్నప్పుడే, వీలైతే ఆఫీసు సమయంలోనే నేర్చుకోండి. కంపెనీ కోసం నేర్చుకునేదాన్ని మన ఆదివారాల్లో నేర్చుకోమనడం నాకు నచ్చదు, అడిగి చూడటంలో తప్పు లేదు.

నా పనిని బాట్‌కు నేర్పమంటున్నారు. నేర్పాలా, దాచుకోవాలా?

ఈ ప్రశ్న నన్నూ ఒకసారి తొలిచింది. వెబ్‌సైట్లను మనిషి లేకుండా పరీక్షించే సెలీనియం అనే సాఫ్ట్‌వేర్ పరికరం 2004లో పుట్టింది. మా జట్టులోకి వచ్చేసరికి కొన్నేళ్ళు పట్టింది. పన్నెండుమందిమి రెండు వారాలు చేసే రిగ్రెషన్ టెస్టింగును, అంటే మార్పు చేశాక పాతవన్నీ పనిచేస్తున్నాయో లేదో మళ్ళీ చూసే పనిని, రాత్రికి రాత్రే నడిపే స్క్రిప్టుగా మార్చమని నాకు అప్పగించారు. రాశాను. ఏడాది తిరిగేసరికి జట్టులో అయిదుగురమే మిగిలాం. స్క్రిప్టు రాసినవాణ్ణి కాబట్టి అందులో నేనున్నాను. వెళ్ళినవాళ్ళలో నాకంటే బాగా పరీక్షించేవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ దగ్గర నేర్చుకున్న చిట్కాలే ఆ స్క్రిప్టులో సగం.

దాచుకోవడం వల్ల లాభం లేదు. ఎవరో ఒకరు నేర్పుతారు, ఆ ఒక్కరికే తరువాత చోటు ఉంటుంది. అయితే నేర్పే ముందు మూడు విషయాలు మెయిల్‌లో అడగండి: ఇది పూర్తయ్యాక నా పని ఏమిటి, దానికి శిక్షణ ఎప్పుడు ఇస్తారు, మా జట్టులో మిగిలినవారి సంగతి ఏమిటి. మూడో ప్రశ్నను ఆ రోజు నేను అడగలేదు. స్క్రిప్టుతో పాటు ఇచ్చిన డాక్యుమెంటులో నా ఒక్కడి పేరే ఉంది. ఏ పరీక్ష ఎవరి ఆలోచనో రాసి, ఆ ఇద్దరి పేర్లూ అందులో చేర్చి ఉంటే కొత్తచోట ఇంటర్వ్యూలో వాళ్ళకు చూపించుకోవడానికి ఒక కాగితమైనా ఉండేది. మీరు తయారుచేసే డాక్యుమెంటులో ఆ పేర్లు రాయండి.